కాఫీ డబ్బాలో ఒంటిపక్క చక్రం: ఒక పాత గార్డెన్ ట్రాక్టర్ కేసు

అక్టోబర్ మొదట్లో ఒక శనివారం పొద్దున వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. తుప్పు పట్టిన కాఫీ డబ్బా, అందులో నల్లటి ఇనప చక్రం. కింద ఒక్క లైను: "అన్నా, ఇదేందో చెప్పు. ఎర్ర బండి కింద దొరికింది. ఇది ఊడిపోయిన ముక్కయితే నేను ఆ బండి కొనను."

పంపినవాడిది కరీంనగర్ దగ్గర పల్లె. ఇక్కడ ఇండియానాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఐదెకరాల స్థలంతో ఇల్లు కొన్నాడు. ఎండాకాలం గడ్డి కోయాలి, చలికాలం వాకిట్లో మంచు తోయాలి. కొత్త బండి ధర చూసి కళ్ళు తిరిగి పాతదాని కోసం వెతుకుతున్నాడు. నాది తెనాలి. పగలు మెషిన్ షాపులో పని, శని ఆదివారాలు మా గ్యారేజీలో చిన్న ఇంజన్లు. ఇలాంటి ఫోటోలు నాకు వారానికి ఒకటైనా వస్తాయి. ఎక్కువ శాతం జవాబు "అది గడ్డికోత డెక్ కింది చక్రం బ్రాకెట్, పారేయకు" అన్నంత తేలిక. ఇది అలా లేదు. ఫోటోలో చక్రం ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా కనిపించింది. ఫోటో తప్పేమో అనుకుని బయల్దేరాను.

గార్డెన్ ట్రాక్టర్ అంటే మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్ కాదు. ఎక్కువగా ఏడు నుంచి పదహారు హార్స్‌పవర్, ఎత్తు మన నడుము దాకా. అలాగని గడ్డికోత బండీ కాదు. చిన్న మడక లాగుతుంది, మంచు తోస్తుంది, ట్రాలీ లాగుతుంది. 1960ల్లో అమెరికా ఊరి శివార్లలో ఇళ్ళు పెరిగాక వీటికి గిరాకీ వచ్చింది. ఆ కాలపు బండ్లు పోత ఇనుముతో, దళసరి రేకుతో చేసినవి కాబట్టి యాభై ఏళ్ళ తరవాత కూడా ఎవరో ఒకరు నడుపుతూనే ఉంటారు.

బండి చూడ్డానికి తమ్ముడు వెళ్ళిన ఇంటి పాకలో ఇలాంటివి మూడు ఉన్నాయి. ఇంటి యజమాని ఒక పెద్దావిడ. భర్త పోయి రెండేళ్ళయింది, ఆయన బండ్లు అమ్మేద్దామని ఆవిడ ఆలోచన. ఎర్రది వీల్ హార్స్ సీ-120. ఈ కంపెనీ మా దగ్గర్లోని సౌత్ బెండ్‌లోనే పుట్టింది. పాండ్ అనే కుటుంబం మొదలుపెట్టింది, 1974లో అమెరికన్ మోటార్స్ చేతికి, 1986లో టోరో చేతికి పోయింది. పసుపు, తెలుపు రంగుల్లో ఉన్నది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళ కబ్ కెడెట్ 149. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో చేసింది. మూడోది ఆకుపచ్చ జాన్ డీర్ 110, గుండ్రటి ఫెండర్ల పాత రకం. ఈ మోడల్ 1963లో విస్కాన్సిన్‌లోని హోరికన్ కర్మాగారం నుంచి వచ్చింది.

మూడు కంపెనీలు, మూడు రంగులు. బానెట్ ఎత్తితే మాత్రం మూడింట్లోనూ ఒకే ఇంటి పేరు: కోహ్లర్. హైదరాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంట్ చూడ్డానికి వెళ్తే బాత్రూంలో కుళాయి మీద కనిపిస్తుందే, అదే కోహ్లర్. ఆ కంపెనీ ఇంజన్లు కూడా చేసేది. పోత ఇనుప బ్లాకుతో ఒకే సిలిండర్ ఉన్న కె-సిరీస్ ఇంజన్లు అప్పటి గార్డెన్ ట్రాక్టర్లలో చాలాచోట్ల కనిపిస్తాయి. ఈ కేసులో తికమకంతా దీనివల్లే. ముక్క దొరికిన చోటు ఏ బండికి దగ్గరో చూసి ఇది ఫలానా బండిదని చెప్పడం కుదరదు.

కడగకముందు చూడాలి

ఫోటో పంపిన తమ్ముడు అప్పటికే డబ్బా పట్టుకుని కిరోసిన్ కోసం వెతుకుతున్నాడు. ఆపాను. ముక్క మీద ఉన్న మురికే దాని పాత అడ్రసు.

చక్రం నా అరచేతిలో సరిపోయింది, చూసినదానికన్నా బరువుగా ఉంది. చుట్టూ పళ్ళు, ఒక్కటీ విరగలేదు. మధ్యలో రంధ్రం, ఆ రంధ్రం లోపల వరసగా సన్నటి రోలర్లు, నీడిల్ బేరింగ్. ఒక ముఖం మీద సగం వరకు ఇనుము మందంగా పోసి ఉంది, మిగతా సగం పల్చన. అంటే ఫోటో అబద్ధం చెప్పలేదు. దాని మీద టైమింగ్ కోసం, అంటే ఇంకో గేరుతో సరైన చోట కలపడానికి, కొట్టిన గుర్తులున్నాయి. డబ్బా అడుగున నల్లటి జిడ్డులో ఒక సర్‌క్లిప్ (చక్రం షాఫ్ట్ మీంచి జారకుండా గాడిలో పట్టే రింగు), రెండు పల్చటి వాషర్లు.

ఎక్కడా పెయింట్ లేదు. ట్రాక్టర్ బయట ఉండే ఏ ఇనప ముక్కకైనా ఏదో ఒక మూల పెయింటు చుక్క మిగులుతుంది. దీనికి బదులుగా గోధుమరంగు పొర ఉంది, గోటితో గీకితే రాదు. వేడి నూనెలో ఏళ్ళ తరబడి మునిగి తేలిన లోహానికి పట్టే వార్నిష్ అది. కాబట్టి ఇది ఏదో ఒకదాని కడుపులో ఉన్న ముక్క.

తరవాత వాసన చూశాను. తమ్ముడు నవ్వాడు. నవ్వొచ్చేదే, కానీ గేర్‌బాక్సులో పోసే చిక్కటి నూనెకు గంధకం వాసన ఉంటుంది, ఒకసారి పట్టుకుంటే సబ్బుతో కడిగినా చేతికి రెండ్రోజులు వదలదు. ఎర్ర బండి ఎనిమిది స్పీడుల గేర్‌బాక్సులో అదే ఉంటుంది. ఈ చక్రానికి ఆ వాసన లేదు. మాడిన ఇంజన్ ఆయిల్ వాసన వచ్చింది.

చివరగా దాన్ని నిలువుగా బల్ల మీద పెట్టి దొర్లించాను. కొంచెం వెళ్ళి ఆగి, వెనక్కి వచ్చి, అటూ ఇటూ ఊగి నిలబడింది. మందపు పక్క కిందికి. మళ్ళీ దొర్లించాను, మళ్ళీ అంతే. తమ్ముడు కూడా నాలుగుసార్లు దొర్లించి చూశాడు.

"అన్నా, గిది వంకర చక్రం కదా. తిరిగితే బండంతా ఊగదా?"

సరైన ప్రశ్న. ఒంటిపక్క బరువున్న చక్రాన్ని ఎవరూ పొరపాటున చెయ్యరు. అది రెండే పనులకు పనికొస్తుంది. ఒకటి, వణుకు పుట్టించడానికి, నేల దిమ్మిస పట్టే యంత్రంలో లాగా. రెండోది, వణుకు చంపడానికి. పాకలో దిమ్మిస యంత్రం లేదు. ఇంజన్ ఆయిల్ వాసన ఉంది, ఒకే సిలిండర్ ఇంజన్లు మూడున్నాయి. నాకు అక్కడే దాదాపు తేలిపోయింది: ఇది కోహ్లర్ బ్యాలన్స్ గేరు. పనిలో ఇంతకు ముందు రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఇంజన్ లోపలే. బయట, డబ్బాలో చూడ్డం ఇదే మొదలు. అందుకే గుర్తుపట్టడానికి అంతసేపు పట్టింది.

ఇది లోపల ఏం చేస్తుంది

మా నాన్న కాలవ గట్టున ఒక ఆయిలింజన్ పెట్టి పొలానికి నీళ్ళు తోడేవాడు. నిమిషానికి వెయ్యి చుట్లు కూడా తిరగని ఇంజన్, రెండు పక్కలా పెద్ద పెద్ద ఫ్లైవీల్స్. అయినా పునాది బోల్టులు నెలకోసారి వదులయ్యేవి. ఒకే పిస్టన్ ఉన్న ఇంజన్ తత్వమే అంత. పిస్టన్ పైకి వెళ్ళి ఆగుతుంది, కిందికి వచ్చి ఆగుతుంది, ఆగినప్పుడల్లా ఇంజన్‌ను ఒక గుంజు గుంజుతుంది.

దాన్ని సర్దడానికి క్రాంక్ మీద, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు మీద, ఎదురు బరువు పెడతారు. అయితే క్రాంక్ బరువు గుండ్రంగా తిరుగుతుంది, పిస్టన్ మాత్రం నిలువుగానే కదులుతుంది. నిలువు ఊపు మొత్తాన్నీ చంపేంత బరువు పెడితే, క్రాంక్ అడ్డంగా తిరిగినప్పుడు ఆ బరువే ఇంజన్‌ను పక్కకు గుంజుతుంది. అందుకని మధ్యేమార్గంగా సుమారు సగానికి సరిపెడతారు. మిగిలిన సగం ఊపును కాగితం మీద లెక్క కడితే ఒక తమాషా తేలుతుంది. అది క్రాంక్ వేగంతోనే, క్రాంక్‌కు ఎదురు దిశలో గుండ్రంగా తిరిగే బలం. దాన్ని చంపాలంటే ఎదురు దిశలో తిరిగే బరువు కావాలి. క్రాంక్ మీది గేరుకు ఇంకో గేరు తగిలిస్తే అది ఎలాగూ ఎదురే తిరుగుతుంది. దానికి ఒంటిపక్క బరువు పోస్తే పని అయిపోయినట్టే. ఒక్కటే పెడితే ఆ బలం క్రాంక్‌కు ఒక వైపు నుంచి పడి ఇంజన్‌ను మెలిపెడుతుంది కాబట్టి పైన ఒకటి, కింద ఒకటి పెట్టారు.

ఆ బలం ఎంతుంటుందో తమ్ముడికి డబ్బా మూత మీద పెన్సిల్‌తో లెక్క వేసి చూపించాను. ఉదాహరణకు ఒంటిపక్క బరువు 300 గ్రాములు, అది మధ్య నుంచి 20 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఇంజన్ నిమిషానికి 3,600 చుట్లు తిరిగితే ఆ చిన్న ముక్క బేరింగ్‌ను దాదాపు 850 న్యూటన్లతో గుంజుతుంది. అంటే 87 కిలోల మనిషి వేలాడినట్టు, సెకనుకు అరవైసార్లు దిక్కు మారుస్తూ. దాన్నంతా మోసేది ఆ సూదుల బేరింగ్. దానికి పంపు నుంచి నూనె రాదు, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది గరిటె చిమ్మే చుక్కలే ఆధారం. యాభై ఏళ్ళ బండిలో నూనె సరిగా మార్చకపోతే ఆ బేరింగ్ అరుగుతుంది. అరిగిన బేరింగ్ మీద చక్రం ఊగి పళ్ళు తప్పినా, పగిలినా, ఆ ముక్కలు బ్లాకును లోపలి నుంచి బద్దలు కొట్టగలవు. అందుకే పాత ఇంజన్లు విప్పేవాళ్ళలో చాలామంది ఈ గేర్లను తీసి పక్కన పెడతారు.

చక్రంలో వేలు పెట్టి బేరింగ్ తిప్పాను. గరగరా తిరిగింది, రెండు సూదులు ఏకంగా లేవు.

ఇక ఇది ఎవరిదో తేలాలి. ఆకుపచ్చ 110లో ఉన్నది ఎనిమిది హార్స్‌పవర్ కె-181, 305 సీసీ. ఆ చిన్న ఇంజన్‌లో ఈ గేర్లు ఉండవు. దాన్ని అక్కడే పక్కన పెట్టేశాం. ఎర్ర బండిలో పన్నెండు హార్స్‌పవర్ కె-301, 476 సీసీ. పసుపు బండిలో పద్నాలుగు హార్స్‌పవర్ కె-321, 512 సీసీ. ఈ రెండు రకాల్లోనూ కొన్నిటికి బ్యాలన్స్ గేర్లుంటాయి, కొన్నిటికి ఉండవు. శ్రౌడ్ (ఇంజన్‌ను కప్పే రేకు) మీది ట్యాగు చూసి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు, శ్రౌడ్ ఆ ఇంజన్‌దే అయితే. ఇన్నేళ్ళలో రేకులు ఒకదాని మీంచి ఇంకొకదాని మీదికి మారడం నేను బోలెడుసార్లు చూశాను.

అసలు టెన్షన్ అది కాదు. డబ్బాలో ఉన్నది ఒక్కటే. గేర్లు జంటగా ఉంటాయి. రెండోది ఎక్కడ?

నేను పాడు చేసుకున్న శనివారం

పెద్దావిడకు విషయం చెప్పాను. ఏదో ఒక ఇంజన్‌లో సగం పని జరిగి ఉంది, అది తెలియకుండా అమ్మితే కొన్నవాడు మీ మీదికే వస్తాడు అన్నాను. ఆవిడ వెంటనే, "మూడూ చూసి ఏది ఏ స్థితిలో ఉందో చెప్పండి, మీ పనికి డబ్బులిస్తాను" అన్నారు.

డబ్బా ఎర్ర బండి కింద దొరికింది కదా, దాంతోనే మొదలుపెట్టాను. ముందు ఆయిల్ తీసే రంధ్రంలోంచి చిన్న కెమెరా పంపాను. క్రాంక్ బరువు, రాడ్డు తప్ప ఏదీ సరిగా తెలియలేదు. సరే, ఇంజనే దించుదాం అన్నాను. ఈ ఇంజన్లు అడుగున నూనె నిలిచే ఆయిల్ పాన్ మీదుగానే ఫ్రేముకు బిగిసి ఉంటాయి, దించకుండా పాన్ విప్పడం కుదరదు. బెల్టు, వైర్లు, పెట్రోల్ పైపు, నాలుగు బోల్టులు. ఇద్దరం కలిసి బల్ల మీదికి ఎత్తాం. పాన్ విప్పి టార్చ్ వేస్తే లోపల రెండు చక్రాలూ చక్కగా కూర్చుని ఉన్నాయి. వేలితో ఊపి చూస్తే ప్లే, అంటే వదులు కూడా లేదు. పాన్ ప్యాకింగ్ కంపెనీ వేసిన కాగితమే, ఎవరూ ఎన్నడూ విప్పలేదు. మధ్యాహ్నం మూడయింది.

మళ్ళీ బిగిస్తుంటే పొద్దున చూసి కూడా చూడనట్టు వదిలేసిన సంగతి గుర్తొచ్చింది. డబ్బాలోని సర్‌క్లిప్ అంచున నీలం రంగు చుక్క ఒకటి అంటుకుని ఉంది. ఏదో మురికి అనుకున్నాను. వెళ్ళి గోటితో నొక్కాను. మెత్తగా రబ్బరులా సాగింది. సిలికాన్ ప్యాకింగ్ పేస్ట్. టార్చ్ తీసుకుని పసుపు బండి కింద పడుకున్నాను. పాన్, బ్లాక్ కలిసే చోట చుట్టూ అదే నీలం గీత, కొన్నిచోట్ల చీమిడిలా కారి గట్టిపడి ఉంది. పాన్ బోల్టుల తలలు పానా జారి మూలలు అరిగి ఉన్నాయి.

"పొద్దున్నే దీని కిందికి దూరుంటే అయిపోయేది గదా అన్నా," అన్నాడు తమ్ముడు. ఏం చెప్పను. పక్కన దొరికింది కాబట్టి పక్కదానిదే అనుకున్నాను.

అప్పుడు పెద్దావిడను అడిగాను, ఆయన ఎప్పుడైనా పసుపు బండి ఇంజన్ విప్పారా అని. ఆవిడ తడుముకోకుండా చెప్పారు. చాలా ఏళ్ళ క్రితం అది ఒక చలికాలమంతా గ్యారేజీలో విప్పి పడి ఉందట, ఆయన రోజూ భోజనానికి నల్లటి చేతులతో వచ్చేవాడట. ఈ ప్రశ్న మొదట అడిగి ఉంటే నాకు ఒక ఇంజన్ దించే పని తప్పేది. ఇప్పుడు ఏ పాకలోకి వెళ్ళినా పానా తీయకముందు ఇంట్లోవాళ్ళతో పది నిమిషాలు కూర్చుంటున్నాను.

పసుపు బండి కడుపులో

మరుసటి శనివారం 149 ఇంజన్ దించాం. ఈ బండిలో బెల్టుతో నడక లేదు. ఫ్లైవీల్ వైపు నుంచి ఒక షాఫ్ట్ నేరుగా వెనకున్న హైడ్రోస్టాటిక్ యూనిట్‌కు, అంటే నూనె ఒత్తిడితో బండిని నడిపే భాగానికి, పోతుంది. ఇంజన్‌ను ముందుకు లాగి షాఫ్ట్ నుంచి విడదీయాలి. విడదీశాక చూస్తే ఆ షాఫ్ట్‌ను కలిపే కప్లింగ్ రంధ్రాలు గుండ్రంగా లేవు, కోలగా సాగాయి. వయసు వల్ల కూడా అలా అవుతుంది. వణికే ఇంజన్ అయితే ఇంకా తొందరగా అవుతుంది.

పాన్ విప్పాం. కింది షాఫ్ట్ ఖాళీ, సర్‌క్లిప్ గాడి నున్నగా కనిపిస్తోంది. పైన మాత్రం చక్రం దాని చోట అది ఉంది. టార్చ్ వెలుగులో ఆ ఒంటరి చక్రాన్ని చూస్తే ఆ చలికాలం ఏం జరిగిందో అర్థమైంది. ఆయన పాన్ విప్పారు. కింది గేరు బేరింగ్ పోయిందని గమనించారు. అది చేతికి అందుతుంది, సర్‌క్లిప్ తీస్తే వచ్చేస్తుంది. పైదానికి క్రాంక్ అడ్డం. దాన్ని తీయాలంటే ఫ్లైవీల్ ఊడదీసి, బేరింగ్ ప్లేట్ విప్పి, రాడ్ క్యాప్ వదిలించి, క్రాంక్ బయటికి లాగాలి. బహుశా అక్కడిదాకా వెళ్ళే ఓపిక లేకపోయింది, లేదా మంచు పడుతోంది, వాకిలి తోయడానికి బండి కావాల్సి వచ్చింది. ఉన్నదాన్ని నీలం పేస్టుతో మూసేశారు. తీసిన ముక్కను వాషర్లతో సహా డబ్బాలో దాచారంటే తరవాత చూద్దాం అనే అనుకుని ఉంటారు.

జంటలో ఒకటే ఉంటే, రెండూ లేనిదానికన్నా మంచిదని నేను అనుకోను. సగం బలం పోయింది, మిగిలిన సగం క్రాంక్‌కు ఒక పక్కనుంచే ఇంజన్‌ను మెలిపెడుతోంది. పైగా కింది బేరింగ్ ఏ నూనెలో అరిగిందో పైది కూడా అదే నూనెలో పనిచేసింది. క్రాంక్ తీశాక పై చక్రం చేతికి వచ్చింది. వేలితో తిప్పితే మొదటిదాని కన్నా కొంచెమే నయం.

కొత్త బేరింగ్‌లు వేసి, టైమింగ్ గుర్తులు కలిపి, రెండూ మళ్ళీ పెట్టడం ఒక దారి. రెండూ తీసేయడం ఇంకో దారి. మొదటిది కంపెనీ ఉద్దేశించిన పద్ధతి. వణుకు తక్కువ ఉంటుంది, కానీ గేర్ల పళ్ళ మీద కూడా నమ్మకం ఉండాలి, ఇక్కడ నాకు అది లేదు. తమ్ముడికి రెండూ చెప్పాను. తీసేస్తే ఖాళీగా నడిచేటప్పుడు బానెట్ కాస్త ఎక్కువ ఊగుతుందని, దానికి అలవాటు పడాలని కూడా చెప్పాను. "ఊగితే ఊగనీ అన్నా, పగలకుంటే చాలు," అన్నాడు. తీసేశాం. ఎర్ర బండిలో మాత్రం ప్లే లేని గేర్లను ముట్టుకోలేదు. బాగున్నదాన్ని భయంతో పీకేయడం నాకు ఇష్టం ఉండదు.

రాడ్ పట్టుకునే క్రాంక్ పిన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచాను, ఒకటిన్నర అంగుళానికి అరుగుదల లెక్కలోకి రానంత. రాడ్, రింగులు సరిగానే ఉన్నాయి. మిగతాదంతా మామూలు బిగింపు. ఈసారి పాన్‌కు కాగితం ప్యాకింగ్ వేశాను. అరిగిన కప్లింగ్ మార్చాం.

స్టార్ట్ చేసి బానెట్ మీద నీళ్ళ గ్లాసు పెట్టాను. నిదానంగా తిరిగేటప్పుడు అలలు లేచాయి, గ్లాసు అంగుళం జరిగింది. వేగం పెంచాక అలలు సన్నబడ్డాయి, గ్లాసు నిలబడింది. పెద్దావిడ గుమ్మంలో నిలబడి చూస్తూ, ఆయన నడిపినప్పుడు వంటింటి కిటికీ అద్దాలు మోగేవని అన్నారు. ఇప్పుడు మోగలేదు.

పసుపు బండి తమ్ముడు తీసుకున్నాడు. రెండు చక్రాలనూ, సర్‌క్లిప్‌లనూ, వాషర్లనూ కడిగి, నూనె రాసి, అదే కాఫీ డబ్బాలో పెట్టాను. మూత మీద నా పెన్సిల్ లెక్క ఇంకా ఉంది. దాని కింద మార్కర్‌తో "149 ఇంజన్‌వి, పైది, కిందిది, రెండూ తీశాం" అని రాసి, తారీఖు వేసి, డబ్బాను బండి సీటు కింద వైరుతో కట్టాను.